నల్ల గొట్టంలో దీపం

ఆ ఏడాది వేసవి సెలవులన్నీ మా అత్తగారి కన్ను పోతుందేమోనన్న భయంతోనే గడిచాయి. ఇప్పటికీ ఎండలు ముదిరి, రేపటినుంచి స్కూలుకి సెలవులని చెప్పగానే నాతోటి టీచర్లందరూ సంబరంగా సంచులు సర్దుకుంటారు. నాకు మాత్రం ఆ సంచి సర్దబుద్ధి కాదు.

కన్ను అని ఒక్కటే ఎందుకన్నానంటే ఆవిడకి ఉన్నదే ఒక్కటి. ఎడమది చిన్నతనంలోనే ఏదో జ్వరం తగిలి పోయిందట. మిగిలిన కుడికంటితోనే ఆవిడ వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది, భర్త పోయాక కొడుకుని పెంచింది, నన్ను కోడలిగా ఎంచుకుంది. "గుడ్డికన్నా మెల్ల నయమని నిన్ను ఒప్పుకున్నానే అమ్మాయ్" అని వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను ఆటపట్టించేది. నేనూ తగ్గేదాన్ని కాదు. రెండో కన్ను కూడా ఉండుంటే మీ అబ్బాయిని చూసి ముందు మీరే పారిపోయేవారు అత్తయ్యా అనేదాన్ని. ఆవిడ పడీ పడీ నవ్వేది.

ఆ కంటికి శుక్లం పట్టింది. ఏడాదికేడాది ముదిరి, చివరికి ఆవిడ ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరిగే స్థితి వచ్చింది. ఉన్న ఆ కాస్తా పోతే ఎలాగని ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చి, ఆ ఎండాకాలం మొదట్లో ధైర్యం చేశాం. కట్టు విప్పిన రోజు ఆవిడ ఇంటికొచ్చి, ముందుగదిలో చేపలతొట్టి ఎదుట నిలబడిపోయింది. మెల్లగా తిరుగుతున్న నీలం చేపని చూపించి, ఇదెప్పుడు తెచ్చావురా అని కొడుకుని అడిగింది. అది చాలాకాలంగా అక్కడే ఉంది. శుక్లం వెనకనుంచి ఆవిడకి మట్టిరంగులో కనిపించేదట.

"నీలమంటే ఇంత నీలమని మరిచేపోయాను" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ మళ్ళీ అక్కడినుంచి కదల్లేదు.

మా ఆయనకి వాషింగ్ మిషన్లూ మిక్సీలూ మోటార్లూ బాగుచేసే షాపుంది. రోజంతా గ్రీజులో మునిగి ఇంటికొచ్చే మనిషికి ఒక సరదా ఉండాలి కదా. కొందరికి పేకాట, కొందరికి క్రికెట్. ఈయనకి సముద్రం. మంచినీళ్ళ చేపలైతే గిన్నెలో వేసినా బతుకుతాయి, ఈయనకి అవి ఆనవు. సముద్రం చేపలే కావాలి. వాటికోసం ప్రత్యేకమైన ఉప్పు తెచ్చి, బకెట్లో కలిపి, గాజుబుడ్డి తేల్చి ఉప్పు ఎంతుందో కొలిచి, ఆ నీళ్ళు మాత్రమే పొయ్యాలి. తొట్టి అంచులమీదా పక్కనున్న స్విచ్ బోర్డు మీదా ఎప్పుడూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉండేది. రోజూ తుడిచేది నేను. నాకు సవతి లేని లోటు ఆ తొట్టి తీర్చింది. మా అత్తగారైతే బకెట్లో వేలు ముంచి నాలుకమీద వేసుకుని, ఇంకో గుప్పెడు పడాలిరా అని తీర్పు చెప్పేది. ఆయన గాజుబుడ్డి చూపించి సరిపోయిందమ్మా అంటే, అది వంటచేసిన మొహమేనా అనేది.

చేపలు ఎన్నో లేవు. నీలంది ఒకటి. నారింజరంగువి రెండు, ఎప్పుడూ కలిసి తిరిగేవి. వాటిని మా అత్తగారు కొత్తకాపురం అనేది. పళ్ళెంలా బల్లపరుపుగా, పసుపురంగులో ఇంకొకటి. అది అందరినీ అదిలిస్తూ తిరుగుతుంది కాబట్టి దానిపేరు హెడ్మాస్టారు. కన్నొచ్చిన కొత్తలో ఆవిడకి వాటిని ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. నేను కూరగాయలు తరుగుతుంటే అక్కడినుంచే వాటి సంసారాలన్నీ నాకు చెప్పేది. హెడ్మాస్టారు ఇవాళ కోపంగా ఉన్నాడు, కొత్తకాపురంలో అలకలొచ్చాయి, అంటూ.

అలాంటి రోజుల్లో నీలం చేప ఒంటిమీద తెల్లటి చుక్కలు పడ్డాయి. ఉప్పు చల్లినట్టున్నాయి. ముందుగా చూసింది ఆవిడే. మర్నాటికి హెడ్మాస్టారుకీ పాకాయి. చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటూ, నోరు పెద్దగా తెరిచి ఊపిరి తీస్తుంటే చూడటానికి నాకే బాధ వేసింది. చేపల షాపతను విషయం విని, అది ఒక పురుగని చెప్పాడు. చేపని పట్టుకుని కొన్నాళ్ళు తిని, కింద ఇసకలోకి జారి, అక్కడ పగిలి, వందలుగా మళ్ళీ నీళ్ళలోకి లేస్తుందట, ఇంకో చేపని వెతుక్కుంటూ. అలా ఈదే సమయంలో దాన్ని చంపే దీపం ఒకటుంది అన్నాడు.

ఆ దీపమే ఇంటికొచ్చింది. మోచేయంత పొడుగున్న నల్లటి ప్లాస్టిక్ గొట్టం. దాని లోపల గాజు తొడుగు, తొడుగులో సన్నటి ట్యూబు. పంపు తొట్టిలోని నీళ్ళని లాగి ఆ గొట్టంలోంచి పంపిస్తుంది. నీళ్ళు ఆ వెలుగుని ఒరుసుకుంటూ పోతాయి, అందులో కొట్టుకొచ్చిన పురుగు చస్తుంది. చేప ఒంటిమీద ఉన్నదాన్ని మాత్రం అది ఏమీ చెయ్యలేదట. అది కంటికి కనిపించే వెలుగు కాదు, కనిపించే నీలం దానికి తోకలాంటిది మాత్రమే, అసలుది గొట్టం దాటి బయటికి రాకూడదు అని షాపతను చెప్పాడట. మా ఆయన తలూపి వచ్చాడు. కరెంటు పనివాడికి దీపం గురించి ఇంకొకడు చెప్పడమేమిటని ఆ తలూపులోనే ఉండి ఉంటుంది.

ఆయన దాన్ని తొట్టి వెనకాల బిగించి స్విచ్ వేస్తే మా అత్తగారు అటూ ఇటూ వంగి చూసింది. ఏమీ కనిపించలేదు. "దీపం కింద చీకటంటారు. ఇదేమిట్రా, దీపం చుట్టూ చీకటి" అంది.

రెండు వారాలు గడిచినా చుక్కలు తగ్గలేదు. కొత్తకాపురంలో ఒకటి చచ్చి తేలింది. ఆ రోజు అత్తగారు మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. ఆ గొట్టంలో దీపం అసలు వెలుగుతోందో లేదోనని మా ఆయనకి అనుమానం పట్టుకుంది. ఆయన షాపులో ఒక సూత్రం ఉంది: ఏదైనా సరే, బయటపెట్టి, నడిపి, కళ్ళతో చూస్తేగాని నమ్మకూడదు. మోటారు వచ్చినా బల్ల మీద పెట్టి తిప్పి చూస్తాడు, బల్బు వచ్చినా చేత్తో పట్టుకుని వెలిగించి చూస్తాడు.

షాపుకి సెలవు రోజు మధ్యాహ్నం. ఎండకి కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయి. ఆయన గొట్టం విప్పి భోజనాలబల్ల మీద పెట్టాడు. మూత తియ్యగానే దీపం దానంతటదే ఆరిపోయేట్టు ఆ గొట్టంలో ఒక చిన్న మీట ఉంది. వాషింగ్ మిషను తలుపుకీ అలాంటి మీటే ఉంటుంది. తలుపు తెరిస్తే మిషను ఆగిపోతుంది. రిపేరు చేసేవాళ్ళు ముందు చేసే పని ఆ మీటకి ఒక వైరు ముక్క తగిలించి దాన్ని నిద్రపుచ్చడం. లేకపోతే లోపల ఏం తిరుగుతోందో చూడ్డం కుదరదు. ఏళ్ళ తరబడి వేల మిషన్లకి చేసిన పని. చెయ్యి దానంతటదే చేసేసింది.

డబ్బాతో వచ్చిన కాగితం మీద కన్ను బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టి ఉంది. నేనే దాన్ని చూసి ఇదేమిటండీ అని అడిగాను. ఈ బొమ్మలు అన్నిటికీ వేస్తారోయ్, ఇస్త్రీపెట్టె మీద కూడా చెయ్యి బొమ్మ వేసి గీత కొడతాడు, మరి చేత్తో కాక కాలితో ఇస్త్రీ చేస్తామా అన్నాడు. నేను నవ్వాను.

దీపం వెలిగింది. నిజం చెప్పాలంటే అంత అందమైన వెలుగు నేను అంతకుముందు చూడలేదు. తెరలు దించిన గదిలో లేతనీలం పరుచుకుంది. అత్తగారు తొట్టి దగ్గరనుంచి లేచి వచ్చి బల్లకి ఆనుకుని కూర్చుంది. ఆపరేషన్ చేసిన కంటికి పెట్టుకోమన్న నల్లకళ్ళద్దాలు ఆవిడకి ఉన్నాయి.

"అద్దాలు తియ్యమ్మా, అసలు రంగు చూద్దువుగాని" అన్నాడు మా ఆయన. తల్లికి నీలమంటే ఇష్టమని.

ఆవిడ తీసింది. గడ్డం కింద చేతులు పెట్టుకుని, చిన్నపిల్లలా దానివైపే చూస్తూ కూర్చుంది. ఆయన తల వంచుకుని గాజు తొడుగు మీద పట్టిన నాచుని గుడ్డతో తుడుస్తున్నాడు. ఎలాగూ వెలిగించాం, తొడుగు శుభ్రమయ్యేదాకా వెలగనీ, ట్యూబు ఎంతసేపు నిలుస్తుందో తేలుతుంది అన్నాడు. నేను వంటింట్లోకీ బయటికీ తిరుగుతున్నాను. కాసేపటికి ఎక్కడో ఘాటువాసన వేసినట్టనిపించింది. అది ఆ దీపానిదని తెలియక పట్టించుకోలేదు. తొడుగు తుడవడం అయింది, గొట్టం బిగించాడు, వెలుగు మళ్ళీ లోపలికి పోయింది. దీపం బాగానే ఉంది, నాచు అడ్డుపడి వెలుగు నీళ్ళకి అందలేదు, అంతే అని తేల్చాడు. ముగ్గురం టీ తాగాం.

పొద్దు వాలుతుండగా మొదలైంది. ముందు నా కళ్ళల్లో ఇసక పడ్డట్టనిపించింది. నీళ్ళు చల్లుకున్నాను. తగ్గకపోగా కారం రాసినట్టు మంట. మా ఆయన లోపలి గదిలోంచి నన్ను పిలిచాడు, పిలుపులో ఏదో తేడా ఉంది. వెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెరవలేకపోతున్నానే అన్నాడు. ఆ మాట వింటూ ఉండగానే నాకూ రెప్పలు అతుక్కుపోయాయి. తెరిస్తే సూదులు. మూసినా సూదులే. మొహం ఒక పక్కంతా ఎండలో నిలబడ్డట్టు మండుతోంది. ఏమిటో, ఎందుకో అర్థం కాలేదు. ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి కళ్ళు పోయాయని మాత్రం అర్థమైంది. అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

అప్పుడు అత్తగారి చెయ్యి నా భుజం మీద పడింది. లే అమ్మాయ్ అంది. గొంతు మామూలుగానే ఉంది. నన్ను లేపి, కొడుకు పక్కన కూర్చోబెట్టి, తడి తువ్వాళ్ళు తెచ్చి ఇద్దరి కళ్ళమీదా వేసింది. గిన్నె పెట్టిన చప్పుడు, బిందె వంచిన చప్పుడు, అన్నీ తొట్రుపాటు లేకుండా వినిపించాయి. కింద వాటాలో ఒక డ్రైవరు ఉండేవాడు. ఆవిడ మెట్లు దిగి అతని తలుపు తట్టి, కారు తియ్యమని చెప్పి, మళ్ళీ పైకొచ్చింది. మా ఇద్దరి చేతులూ చెరోవైపు పట్టుకుని, మెట్టు, ఇంకో మెట్టు, ఇక్కడ మలుపు అంటూ దింపింది. ఈవిడ కన్నైనా బాగుంది, దేవుడు చల్లగా చూశాడు అనుకున్నాను.

కారెక్కుతుండగా ఒక్క క్షణం బలవంతాన రెప్ప ఎత్తాను. వీధి దీపం కింద అత్తగారి మొహం కనిపించింది. ఎర్రగా కమిలి ఉంది. కళ్ళు రెండూ గట్టిగా మూసి ఉన్నాయి, బుగ్గలమీదుగా నీళ్ళు కారుతున్నాయి. శుక్లం రోజుల్లో తడుముకుని నేర్చుకున్న ఇల్లు కదా, ఆ లెక్కనే మమ్మల్ని నడిపించింది.

ఆవిడకి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే చూసింది. మధ్యాహ్నం ఏం చేశారో మా ఆయన చేత మొదటినుంచీ చెప్పించుకుంది. ఆ వెలుగు పురుగుల్నే కాదు, కంటిమీది పొరని కూడా కాలుస్తుందని చెప్పింది. మా ఇద్దరికీ రెండు రోజుల్లో పొర మళ్ళీ వస్తుంది, భయం లేదంది. అత్తగారి దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుంది. కోసి కుట్టిన కన్ను, ఇంకా పూర్తిగా మానలేదు. అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువసేపు చూసిన కన్ను. పైగా మంటకి తట్టుకోలేక ఆవిడ తువ్వాలుతో నలిపేసింది, ఆ గీరుకుపోయినచోట పుండు పడకుండా చూసుకోవాలి, పడితే చెప్పలేం అంది.

మాకు రెండు రోజుల్లో తగ్గింది. ఆవిడకి పుండు పడింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. చేప ఒంటిమీది చుక్క కోసం తెచ్చిన దీపం అమ్మ కన్ను తినేసిందని మా ఆయన గోడకి చెప్పుకుంటున్నట్టు అనేవాడు. షాపు మూసేశాడు. గంటగంటకీ కట్టు జరిపి మందుచుక్కలు వెయ్యాలి, ఆయన వేస్తే మందు బుగ్గమీద పడేది. చివరికి ఆ పని నేనే తీసుకున్నాను. తొట్టి పగలగొట్టేస్తానని ఒకరోజు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. కట్టు కట్టుకుని పడుకున్న అత్తగారికి ఆ చప్పుడు తెలిసింది. అవి ఏం చేశాయిరా, నోరులేని జీవాలు, వాటికి తిండి వేశావా అని అడిగింది. ఆయన సుత్తి కింద పెట్టి తిండి వేశాడు. గొట్టం లోపల దీపం వెలుగుతూనే ఉంది. విచిత్రమేమిటంటే చుక్కలు తగ్గిపోయాయి. చేపలు నిగనిగలాడుతున్నాయి.

నాకు ఆవిడ కంటి గురించి భయం ఒకటైతే, ఈయన గురించి ఇంకో భయం పట్టుకుంది. ఒక సాయంత్రం స్విచ్ బోర్డు మూత విప్పి, దాని ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. చేతిలో పనిముట్టు లేదు. ఏం చేస్తున్నారండీ అన్నాను. ఉప్పు పేరుకుంది, తుడుద్దామని అన్నాడు. నావైపు తిరగకుండానే చెప్పాడు.

"అద్దాలు తియ్యమన్నది నేనే కదా. ఆ కన్ను గాని పోతే నేను ఉండను."

నేను వెళ్ళి ఆ మూత నా చేతులతో బిగించాను. ఆ రోజునుంచీ ఆయన బాత్రూములో ఎక్కువసేపున్నా తలుపు దగ్గర నిలబడి ఏదో ఒకటి అడిగేదాన్ని. తువ్వాలుందా, సబ్బుందా అని. ఆయన రోజూ కరెంటుతో ఆడుకునే మనిషి. నేను ఎన్నింటికని కాపలా కాయగలను?

కట్టు పూర్తిగా విప్పే రోజు వచ్చింది. మా ఆయన ఆసుపత్రిదాకా వచ్చి, గదిలోకి రానన్నాడు. వరండాలో బల్లమీద కూర్చుండిపోయాడు. లోపల నేనూ అత్తగారే. డాక్టరమ్మ కట్టు విప్పి, లైటు వేసి, వేళ్ళు చూపించి, చెయ్యి ఊపి, చాలా పరీక్షలు చేసింది. పుండు మానింది. మానినచోట తెల్లటి మచ్చ కట్టింది, సరిగ్గా చూపు పోయే దారికి అడ్డంగా. వెలుగు తెలుస్తుంది, ఎదట మనిషి కదిలితే నీడలా తెలుస్తుంది, అంతకుమించి ఇప్పుడు లేదు. ఏడాది గడిచాక ఇంకొకరి కంటి పొర పెట్టే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, కానీ ఈ కంటి విషయంలో మాటివ్వలేను అంది.

నాకు ఏడుపొచ్చేసింది. అత్తగారు ఏడవలేదు. నల్లకళ్ళద్దాలు అడిగి పెట్టుకుంది. నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"వాడికి చెప్పకు" అంది. "వాడు స్విచ్ బోర్డు దగ్గర అన్న మాట నాకు వినపడింది. కట్టు కళ్ళకి గాని చెవులకి కాదు."

ఏడాదిపాటు ఎలా దాస్తాం అత్తయ్యా అన్నాను. ఏడాది సంగతి తరవాత, ముందు ఈ తలుపు దాటాలి అంది. తలుపు దాటాం. వరండాలో మా ఆయన లేచి నిలబడ్డాడు. మావైపు రెండడుగులు వేశాడు. ఆ అడుగుల చప్పుడునిబట్టి ఆవిడ అటు తిరిగింది. రెండు చేతులూ చాచి కొడుకు మొహం పట్టుకుంది, బుగ్గలు నిమిరింది, గడ్డం దాకా వేళ్ళు పోనిచ్చింది.

"ఎంత చిక్కిపోయావురా. గడ్డం కూడా గీసుకోవడం మానేశావా?"

ఆయన ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, తల్లి భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. కనిపిస్తోంది, అమ్మకి కనిపిస్తోందోయ్ అని నాకు చెప్పాడు. నేను తలూపాను. ఆవిడ వేళ్ళు ఇంకా ఆయన బుగ్గమీదే ఉన్నాయి.

ఆ మర్నాటినుంచి మా ఇంట్లో నాటకం మొదలైంది. పగలంతా మా ఆయన షాపులో ఉంటాడు. అత్తగారు తొట్టి ముందు కుర్చీలో కూర్చుంటుంది. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, తొట్టిలో జరిగేదంతా చెబుతాను. నీలంది పైకొచ్చింది, హెడ్మాస్టారు రాయి చాటున కూర్చుని పహరా కాస్తున్నాడు, కొత్తకాపురంలో మిగిలింది ఇసకలో గొయ్యి తవ్వుతోంది. ఆవిడ విని, ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంటుంది. సాయంత్రం ఆయన రాగానే మొదటి ప్రశ్న అదే, ఇవాళ చేపలు ఏం చేశాయమ్మా అని. ఆవిడ నేను చెప్పినదానికి ఉప్పూకారం చేర్చి, నాకే కొత్తగా అనిపించేట్టు చెప్పేది. ఆయన మొహంలో రంగు తిరిగేది. అన్నం రెండోసారి వడ్డించుకునేవాడు.  ఆవిడ ఎక్కడ ఒక మాట తప్పుతుందోనని, లేనిచోట చెయ్యి చాపుతుందోనని, నా కళ్ళు మాత్రం కంచం పక్కన నీళ్ళగ్లాసు మీదే ఉండేవి. గ్లాసు ఎప్పుడూ ఒకేచోట పెట్టేదాన్ని. కుర్చీ జరిగితే సర్దేదాన్ని. ఇంట్లో ఇంకా అద్దాలెందుకమ్మా అని ఆయన ఒకసారి అడిగాడు. వెలుతురు గుచ్చుకుంటోందిరా, డాక్టరమ్మ పెట్టుకోమంది అని చెప్పింది. ఆయన మళ్ళీ అడగలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. రేపు స్కూలు తెరుస్తారనగా నేను అత్తగారితో, రేపటినుంచి మీకు చేపల సంగతి ఎవరు చెబుతారని అడిగాను. ఇన్నాళ్ళు విన్నాను, నాకు నేనే కల్పించుకోలేనా అంది. కల్పించుకోగలదు. కానీ చేపలు బతికి ఉన్న జీవాలు. ఏదైనా చచ్చి తేలి ఉండగా ఈవిడ అది ఆడుకుంటోందని చెబితే?

స్కూల్లో ఆ రోజంతా నా మనసు నాలో లేదు. కొత్తగా చేరిన పిల్లలు ఏడుస్తుంటే ఊరుకోబెడుతూ, ఇంట్లో ఏం జరుగుతోందోనని గడియారం వైపే చూస్తున్నాను. చివరి గంట కొట్టగానే పరుగులాంటి నడకతో ఇల్లు చేరాను.

గుమ్మంలో మా ఆయన చెప్పులున్నాయి. ఆయన వచ్చే వేళ కాదది. పక్కన పనిముట్ల సంచి, నోరు తెరిచి. లోపల లైటు లేదు. గోడకున్న మెయిన్ స్విచ్ కట్టేసి ఉంది. తొట్టి పంపు చప్పుడు కూడా లేదు. తెలిసిపోయింది, ఈయనకి తెలిసిపోయింది అనుకున్నాను.   గోడ పట్టుకుని రెండడుగులు వేశాను.

అప్పుడు ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇప్పుడు పసుపుది కుడిపక్కకి వెళ్ళిందమ్మా. ఆగింది. మళ్ళీ తిరిగింది."

తొంగి చూశాను. నా ముక్కాలిపీట మీద ఆయన కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఆ నల్ల గొట్టంలోంచి విప్పిన వైరు ముక్క ఉంది, మీటకి తగిలించినది. అది తియ్యడానికే కరెంటు కట్టేశాడన్నమాట. అత్తగారి కళ్ళద్దాలు తీసి ఒళ్ళో ఉన్నాయి. తెల్లటి మచ్చ ఉన్న కన్ను తొట్టివైపు తెరిచి ఉంది. ఆవిడ చెయ్యి కొడుకు తలమీద ఉంది.

ఎప్పుడు తెలిసిందండీ అని అడిగాను. 

"ఆసుపత్రి వరండాలోనే" అన్నాడు ఆయన. "మొహం చూడకుండా తడిమింది కదా. తెలియనట్టు నేనూ నటించాను, ఇవాళ నువ్వు ఇంట్లో ఉండవని షాపు కట్టేసి వచ్చాను." వైరు ముక్కని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రోజూ మీరిద్దరూ నాకోసం అంత కష్టపడుతుంటే, ఇంక నేను ఎక్కడికని పోతాను?"

నేను సంచి అక్కడే వదిలేసి వాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాను.  అత్తగారు నావైపు తిరిగింది.

"వచ్చావా తల్లీ. నువ్వు చెప్పు. వీడికి చెప్పడం చేతకావడం లేదు. ఆగింది, తిరిగింది అంటాడు, చేపలా, మోటార్లా?"